గడియలో చెంచా

మొగుడు ఇంటిపట్టున ఉంటే ఎంత బాగుండునో అని ఎవరైనా అంటే, మా ఆయన్ని ఓ వారం పంపిస్తాను, ఉంచుకుని చూడండి అనేది ఆమె.

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో అట్టలు కోసే మిషను ఆయన చూపుడువేలి కొస కొరుక్కుపోయింది. కట్టుతో ఇంటికొచ్చిన మనిషి మంచమెక్కి మూలుగుతాడనుకుంటే, వంటింటికి ఇన్‌స్పెక్టరై కూర్చున్నాడు. కత్తుల మొనలన్నీ గోడవైపు తిప్పించాడు. జుట్టు ముడేసుకుంటే గానీ పొయ్యి దగ్గరికి రావద్దన్నాడు. కూరగాయలు తరిగే మిషనుకి మూత గడియ పడితేనే లోపల కత్తి తిరుగుతుంది. తొందరగా ఉన్నప్పుడు ఆమె ఆ గడియలో చెంచా కాడ దూర్చి, మూత లేకుండానే తిప్పేస్తుంది. ఆయన ఆ చెంచా పీకి జేబులో వేసుకున్నాడు. ఇంట్లో పది వేళ్ళూ ఉన్నవాళ్ళు ఒక్కరైనా మిగలాలన్నాడు.

ఇంత జాగ్రత్తపరుడికి వేలెలా తెగిందంటే, అది ఆమె అన్నయ్య చలవ. అతను ఆ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. బావకి అక్కడ పని ఇప్పించిందీ అతనే. మిషను ముందున్న జాలీ తలుపు తెరవగానే కత్తి ఆగిపోవాలి. ఆర్డరు తొందరలో అన్నయ్య ఆ తలుపు మీటకి టేపు చుట్టేశాడు. ఇక తలుపు తెరిచినా కత్తి ఆగదు.

తెల్లారితే లేబరాఫీసరు విచారణ. టేపు తనే చుట్టుకున్నానని బావ చేత చెప్పించాలని అన్నయ్య ఉద్దేశం. అలా రాసుకున్నారంటే నష్టపరిహారం సున్నా, ఉద్యోగం గాలిలో దీపం. ఈయనేమో, పని ఇప్పించినవాడి పని ఊడగొడతామా, పోనీలెద్దూ అంటాడు. మొహమాటానికి పోతే వేలు పోయింది, ఇంకేం పోవాలని చూస్తున్నారు అని ఆమె అడిగితే, ఆయన ఉప్పు డబ్బా మూత సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి లేచాడు.

ఆ సాయంత్రం, ఆఫీసరు ముందు ఏం చెప్పాలో బావకి పాఠం చెప్పడానికి అన్నయ్య రానే వచ్చాడు. వస్తూనే ఆకలన్నాడు, త్వరగా పెట్టకపోతే బస్సు తప్పిపోతుందన్నాడు. ఆమె మొగుడి జేబులోంచి చెంచా తీసుకుని వంటింట్లోకి నడిచింది. ఆయన నోరు తెరవబోతే కంటి చూపుతోనే మూయించింది. కాసేపటికి, ఈ ఉల్లిపాయలు కాస్త మిషన్లో వేసిపెట్టమని అన్నయ్యని కేకేసింది.

చెల్లెలు పని చెబితే కాదనడం అతను చిన్నప్పట్నుంచీ ఎరగడు. చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చాడు. ఉల్లిపాయ పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఈ చెంచా ఎవరు పెట్టారే?"

"నేనే."

"మతుండే పెట్టావా? మూత లేకుండా తిరిగితే వేళ్ళు తెగవూ?" అంటూ ప్లగ్గు పీకడానికి గోడ మీద పడ్డంత పని చేశాడు. ప్లగ్గు అప్పటికే ఊడదీసి ఉంది. అన్నయ్య మీద కోపమే గానీ, అతని వేళ్ళతో ఆమెకి పగేమీ లేదు.

"నువ్వేగా తొందరన్నావు," అంది ఆమె, పొట్టు ఒలుస్తూ.

"తొందరంటే చెంచా పెట్టమన్నానా?"

"నువ్వు పెట్టమనలేదులే. కానీ నా వేలు తెగితే తప్పెవరిదని చెప్తావన్నయ్యా? నాదేననా?"

అని ఆమె కాస్త పక్కకి జరిగింది. వెనక గుమ్మంలో కట్టుచేత్తో ఆయన నిలబడి ఉన్నాడు.

అన్నయ్య ఆ చేతి వంక చూశాడు. చెంచా లాగేసి, మూత పెట్టి, గడియ బిగించాడు. బిగిసిందా లేదా అని రెండుసార్లు కదిపి చూశాడు. ఉల్లిపాయ ఇంకా కోయనే లేదు, అతని కళ్ళు మాత్రం అప్పుడే తడయ్యాయి.

"తప్పు నాదే బావా," అన్నాడు, చేతిలో చెంచా తిప్పుతూ. "టేపు చుట్టింది నేను. రేపు ఆ ఆఫీసరు ముందు కూడా ఇదే చెప్తాను."