పొగ దగ్గు

మా అన్న పద్దెనిమిదేళ్ళు పనిచేసిన రాతిపొడి మిల్లు మెట్ల మీదే కూలబడ్డాడు. ఉన్నవి ఐదే మెట్లు. మూడోదాని మీద ఆగి, గోడ పట్టుకుని, గాలి కోసం నోరు తెరిచాడు. సూపర్‌వైజరు పైమెట్టు మీద నిలబడి చూస్తూనే ఉన్నాడు. చెయ్యి అందించలేదు.

"నీ వల్ల కాదుగానీ, రేపట్నుంచి రాకు," అన్నాడు.

కంపెనీ డాక్టరు చీటీ రాసిచ్చాడు: 'పొగ దగ్గు. సిగరెట్లు మానాలి.' మా అన్న పుట్టి బుద్ధెరిగి సిగరెట్ ముట్టుకోలేదు.

"నాకు తెలీకుండా ఇన్నేళ్ళూ ఎక్కడ తాగావయ్యా, దొంగా!" అంది మా వదిన చీటీ చదివి. నవ్వబోయింది, నవ్వు రాలేదు.

ఆ మిల్లు షెడ్డులో నేనూ పనిచేస్తాను. మా అన్నది రాళ్ళు పగిలే మిషను, నాది జల్లెడ. అక్కడ లేచే పొడి ఎండ పడినచోట తప్ప కంటికి కనపడనంత సన్నం.

ఇంట్లో కూర్చున్న మా అన్నను జబ్బుకంటే ఒక ప్రశ్న ఎక్కువ తిన్నది. "నేనెవరికి ఏం అన్యాయం చేశాను చెల్లీ? నాకే ఎందుకిలా?" కనపడినవాళ్ళనల్లా అడిగేవాడు. ఒకరు ఖర్మ అన్నారు, ఒకరు దిష్టి అన్నారు. అన్నిటికీ తల ఊపేవాడు. ఇంటికొచ్చి మళ్ళీ మొదలు.

అప్పుడే కంపెనీవాళ్ళు ఒక ఆదివారం క్యాంటీనులో సభ పెట్టారు. 'జీవితానికి అర్థం' అని గుడ్డ మీద రాసి కట్టారు. మా అన్న పట్టుబట్టి బయల్దేరాడు. నేనూ వదినా చెరో రెక్కా పట్టుకుని నడిపించాం.

వచ్చిన పెద్దమనిషి గొంతు చాలా మెత్తన. "కష్టం దేవుడు మనకు పెట్టే పాఠం. ఎందుకొచ్చిందని అడగకండి. ప్రేమగా నేర్చుకోండి," అన్నాడు. మా అన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు ఒళ్ళు మండింది.

"ఇప్పుడందరూ కళ్ళు మూసుకుని, నిండుగా ఊపిరి పీల్చండి."

పీల్చాం. ముందు ఒక మూల దగ్గు. తర్వాత ఇంకో మూల. చూస్తుండగానే బల్లలన్నీ దగ్గాయి. ఎవడో కిసుక్కున నవ్వాడు. వాడికీ దగ్గు తెర కమ్ముకుంది. ముందు వరసలో మేనేజరూ ఆఫీసు గుమాస్తాలూ మాత్రం కళ్ళు మూసుకుని చక్కగా ఊపిరి తీస్తున్నారు.

మా అన్న కళ్ళు తెరిచి ఆ వరసనీ ఈ వరసల్నీ చూశాడు. మా చేతులు విడిపించుకుని లేచాడు.

"అయ్యా, ఒక్క సందేహం. ఈ పాఠం దేవుడు పొడి షెడ్డుకే చెప్తున్నాడేం? ఆఫీసు గదిలో ఒక్కరికీ చెప్పడే?"

మేనేజరు చటుక్కున లేచి సభ అయిపోయిందన్నాడు. మాకు అప్పుడే మొదలైంది.

ఆ వారంలోనే పదిహేనుమందిమి పెద్దాసుపత్రికి వెళ్ళి ఎక్స్‌రేలు తీయించుకున్నాం. తీసిన అమ్మాయి ఫిల్ములన్నీ వెలుతురుకి పెట్టి ఒక్కొక్కటే చూసింది. "ఇది పొగ కాదు, రాతిపొడి," అంది చివరికి. "లోపల గట్టిపడిపోయింది. తగ్గించే మందు లేదు. కొత్తగా పట్టకుండా మాత్రం ఆపొచ్చు. మిషను మీద నీళ్ళు చల్లాలి, పొడిని లాగే ఫ్యాన్లు పెట్టాలి."

మా ఇంటి ముందుగదిలో అందరం కూడాం. వాదన చెలరేగింది. "ఉన్న పనీ పోతుంది," అన్నాడు ఎలక్ట్రీషియను. "మనకిలా రాసిపెట్టి ఉంది, ఎవరేం చేస్తారు?" అన్నాడు ముసలి మేస్త్రీ.

"రాసింది కంపెనీ డాక్టరు. ఆ చీటీ నేను చదివాను," అన్నాడు మా అన్న.

సోమవారం పొద్దున షిఫ్టులో ఒక్కరూ లోపలికి పోలేదు. నీళ్ళు కావాలి, ఫ్యాన్లు కావాలి, జబ్బుకి దాని అసలు పేరు రాయాలి. గేటు ముందు కూర్చున్నాం.

నాలుగోరోజు మేనేజరు మా ఇంటికొచ్చాడు. "నీకు సిగరెట్ అలవాటుందని సంతకం పెట్టు. బతికినంత కాలం మంచి ఆసుపత్రిలో చూపిస్తాం." కాగితం మంచం మీద పెట్టి వెళ్ళాడు.

"పెట్టు," అంది వదిన. "నాకు నువ్వు కావాలి. నీ షెడ్డుతో నాకేం పని?"

"నేనెట్లాగూ ఉండనే. ఆ అమ్మాయి చెప్పింది వినలేదూ?" నన్ను చూపించాడు. "ఇది ఇంకా జల్లెడ దగ్గరే ఉంది. నేను సంతకం పెడితే రేపు దీనికీ అదే చీటీ ఇస్తారు."

వదిన రెండు రోజులు మా అన్నతో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టింది.

తొమ్మిదోరోజు పోలీసులొచ్చారు. రెచ్చగొట్టాడని మా అన్నని వ్యానెక్కించారు. ఎక్కలేకపోతే ఎత్తి లోపల పడేశారు. మూడోనాటికి ఆసుపత్రికి మార్చి, మంచం పక్కన కానిస్టేబుల్‌ని కూర్చోబెట్టారు. నడవలేని మనిషికి కాపలా!

"భయంగా ఉందా అన్నా?" అని అడిగాను.

"ఉంది." ఊపిరి కూడదీసుకున్నాడు. ఒక్కో మాటకీ ఆగాల్సి వచ్చేది. "కానీ నాకే ఎందుకని అనిపించట్లేదు చెల్లీ. అది పోయింది."

మధ్యాహ్నానికి మా అన్న పోయాడు.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గరికి లారీ వచ్చింది. నిండా కొత్త కూలీలు. ఎక్కడినుంచి తెచ్చారో, మూటలతో సహా తెచ్చారు. మావాళ్ళలో కొందరు రాళ్ళు అందుకున్నారు. వదిన వాళ్ళని తోసుకుని ముందుకి నడిచింది. లారీ పక్కన నిలబడి తలెత్తింది.

"అమ్మా, అయ్యా, మీరు తిండి కోసం వచ్చారు. నాకు తెలుసు. ఈ షెడ్డులో పొడి పీలిస్తే ఊపిరితిత్తులు రాయైపోతాయి. ఇది మీకు వీళ్ళు చెప్పరు, అందుకని నేను చెప్తున్నా. నిన్ననే నా మొగుణ్ణి సాగనంపి వచ్చా. ఇక మీ ఇష్టం."

సూపర్‌వైజరు అరిచాడు. డ్రైవరు హారన్ కొట్టాడు. లారీలో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాసేపటికి ఒక నడివయసు ఆడమనిషి తన మూట కిందికి అందించింది. వదిన అందుకుంది. ఆ మనిషి చక్రం మీద కాలు పెట్టి దిగింది. ఆమె వెనకే మరో ఇద్దరు.

ఆమె చీర దులుపుకుని, నేల మీద కూర్చున్న మా వైపు తిరిగింది.

"కాస్త జరగండమ్మా," అంది.

జరిగాం.