నాన్న వినని పాటలు

నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో నా ఉద్యోగం. బ్యూరెట్ గాజు గొట్టం నుంచి చుక్కచుక్కగా మందు వదులుతూ, ఫ్లాస్కులో నీళ్ళు ఎరుపు నుంచి నీలానికి ఎప్పుడు తిరుగుతాయా అని చూస్తూ నిలబడాలి. కళ్ళకు పని, చెవులకు సెలవు. అందుకని పాటలు పెట్టుకుంటాను. ఆ పాటలు ఉన్నట్టుండి ఆగిపోయాయంటే మా నాన్న వ్యాను ఎక్కాడని అర్థం.

మా ఇంటికంతా పాటల అకౌంటు ఒక్కటే. ఉద్యోగం వచ్చిన కొత్తలో నేనే తెరిచి, నాన్న ఫోన్లోనూ పెట్టాను. ఒకసారికి ఒక ఫోన్లోనే పాడుతుందని అప్పుడు తెలియదు. నాన్న బేకరీ వ్యాను నడుపుతాడు. బ్రెడ్డూ బన్నులూ దుకాణాలకు వేసి రావడం ఆయన పని. ఆయన పాట పెట్టగానే నా చెవుల్లో పాట తెగిపోతుంది. నా ఫోన్ మీద ‘నాన్న ఫోన్’ అనీ, దాని కింద ఆయన వింటున్న పాట పేరూ కనిపిస్తాయి.

“నోటి దగ్గర ముద్ద లాక్కున్నట్టు లాక్కుంటావేంటి నాన్నా?” అని మొదట్లో పోట్లాడాను.

“పోనీలేవే. మీ నాన్న రోడ్డు మీద కులాసాగా ఉన్నాడని తెలుస్తుందిగా!” అని నవ్వాడు.

వేరే అకౌంటు తీసుకోవచ్చు. తీసుకోలేదు. రానురాను అదే మాకు కబురయింది. అమ్మ కూడా నాకు ఫోన్ చేసి, బయల్దేరాడా అని అడగదు. “మీ నాన్న పాడుతున్నాడా?” అంటుంది.

నాన్న దగ్గర ఎక్కువ పాటల్లేవు. ఉన్నవే తిప్పి తిప్పి వింటాడు. కొత్త పాట ఏదైనా ఆయన దగ్గరికి మనిషి చేతి మీదుగా రావాల్సిందే. దుకాణంలో ట్రేలు దించుతున్నప్పుడు ఏదైనా పాట చెవిన పడితే, “ఏం పాటండీ అది?” అని అడిగి, ఆ మనిషి చేతే తన ఫోన్లో పెట్టించుకుని వస్తాడు. అందుకే మా ఇంట్లో పాటలకు వాటి అసలు పేర్లు లేవు. మందుల షాపావిడ పాట, బడి వాచ్‌మన్ పాట, పంక్చర్ బాబాయి పాట, అంతే. ఈ పంక్చర్ బాబాయికి నాన్న వెళ్ళే దారిలో టైర్ల కొట్టుంది. పాట ఎలా వెతకాలో ఇద్దరికీ పాలుపోక నాకే ఫోన్ చేశారు. బాబాయి గొంతు సవరించుకుని మరీ పాడి వినిపించాడు. నేను పట్టుకోలేకపోయాను. చివరికి వాళ్ళబ్బాయిని అడిగి ఆ పాట నాకు పంపించాడు.

ఉన్న పాటలు అయిపోతే యాప్ తనంతట తాను ఇంకో పాట అందుకుంటుంది. అది నాన్నకు బొత్తిగా గిట్టదు. “వీణ్ణెవడు పిలిచాడు?” అంటూ పల్లవి కూడా పూర్తి కానివ్వకుండా మళ్ళీ మొదటికి తిప్పేస్తాడు.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోన్ చూసుకున్నాను. నాన్న ఫోన్లో ఒక తెలియని పాట నడుస్తోంది. ఇప్పుడే మారుస్తాడులే అనుకుని ఫ్లాస్కు చేతిలోకి తీసుకున్నాను. మళ్ళీ చూసేసరికి ఆ పాట చివరికి వచ్చేసింది. అదయ్యాక ఇంకోటి. అదీ తెలియనిదే.

ట్రేలు దించుతున్నాడేమో అనుకున్నాను. కానీ దిగేటప్పుడు పాట ఆపి, ఫోన్ జేబులో వేసుకుని దిగడం ఆయన అలవాటు.

ఫోన్ చేశాను. మోగినంతసేపూ అక్కడ పాట ఆగింది. ఎత్తలేదు. నేను పెట్టేయగానే మళ్ళీ మొదలైంది. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. మూడో పాట నాకు తెలియని భాషలో ఉంది. ఒక్కో పాటతో అది నాన్నకు ఇంకాస్త దూరం జరుగుతున్నట్టు అనిపించింది. ఎవరూ వద్దనకపోతే అలా ఎంత దూరమైనా పోతుంది.

అంతలో అమ్మ ఫోన్.

“మీ నాన్న పాడుతున్నాడా?”

“పాట వస్తోందమ్మా.”

“హమ్మయ్య. క్యారేజీ ఇక్కడే వదిలేసి పోయాడే మతిమరుపు మనిషి. పొద్దున షుగర్ బిళ్ళ మాత్రం మర్చిపోకుండా వేసుకున్నాడు. ఏదైనా కొనుక్కుని తిన్నాడో లేదో కనుక్కో. వ్యాను నిండా బన్నులున్నా ఒక్కటి తుంచడు, ఓనరు సరుకంటాడు.”

బిళ్ళ వేసుకుని తిండి తినకపోతే షుగర్ పడిపోతుంది. పాట ఏదో అమ్మ అడగలేదు. నేను చెప్పలేదు.

ఓనరుకు ఫోన్ చేశాను. “పాలకేంద్రంలో సరుకు దించాడమ్మా. పెట్రోలు బంకు దగ్గరి షాపుకింకా రాలేదట. వస్తాడు, కంగారెందుకు?”

“ఫోన్ ఎత్తట్లేదండీ. పైగా ఆయన వినని పాటలు వస్తున్నాయి.”

“ఏమొస్తున్నాయి?”

“ఆయన వినని పాటలండీ. కొత్త పాటొస్తే వెంటనే మార్చేస్తాడు. ఇప్పుడు మార్చట్లేదు.”

“కొత్తది నచ్చిందేమోలే తల్లీ. చదువుకున్నదానివి, నువ్విలా భయపడితే ఎలా?” అని పెట్టేశాడు.

అంబులెన్సు నంబరుకు చేస్తే ఎక్కడికి రావాలని అడిగారు. పాలకేంద్రానికీ పెట్రోలు బంకుకూ మధ్య ఎక్కడో అన్నాను. “అది చాలా పొడుగు రోడ్డండీ,” అన్నారు. తప్పు వాళ్ళది కాదు. నా దగ్గర చోటు లేదు, పాట ఉంది.

ఆ రోడ్డు మీద నాకు తెలిసిన మనిషి పంక్చర్ బాబాయి ఒక్కడే. ల్యాబు ఫోన్ నుంచి చేసి, పలకరింపు కూడా లేకుండా జరుగుతున్నది చెప్పాను.

“ఏం పాటొస్తోందమ్మాయ్?”

పేరు చదివాను.

“పేరు నాకేం తెలుస్తుంది? వినిపించు.”

ల్యాబులో నా పక్కన పనిచేసే మేడమ్ ఫోన్లో ఆ పాట వెతికించి వినిపించాను. కొన్ని క్షణాలు విన్నాడు.

“మీ నాన్న ఇది వింటాడా! నా పాట పుచ్చుకోవడానికే నా చేత నాలుగుసార్లు పాడించాడు. ఉండు, బండి తీస్తున్నా.” కారు చక్రం ఊడదీయించుకున్న ఎవరో వెనక నుంచి అరుస్తున్నారు. “పోనీవయ్యా, నీ కారెక్కడికి పోతుంది, మూడు చక్రాల మీద!” అని వాళ్ళను కసిరి బయల్దేరాడు.

ఫోన్ పెట్టనివ్వలేదు నేను. గాలి హోరు, హారన్లు వినిపిస్తున్నాయి. కాసేపటికి బండి ఆపాడు.

“చెట్ల నీడన వరసగా వ్యాన్లు పెట్టారమ్మాయ్. అన్నీ తెల్లవే. పాట గట్టిగా పెట్టగలవా? నా పాట పెట్టు, దాన్నయితే ఎక్కడున్నా పోలుస్తాను.”

పెట్టగలను. నా ఫోన్ నుంచే నాన్న ఫోన్లో పాట మార్చవచ్చు. కానీ అంతవరకు దాన్ని తాకాలంటేనే నాకు భయం. ఏదో నొక్కాను. పాట వచ్చి నా చెవుల్లో పడింది. తెర మీద ‘నాన్న ఫోన్’ లేదు.

అక్కడ నిశ్శబ్దం. నేనే చేశాను ఆ నిశ్శబ్దం. మేడమ్ నా చెయ్యి పట్టుకుని, “మెల్లగా. పైన చూడు, నాన్న ఫోన్ పేరుంటుంది,” అంది. వెతికాను. నొక్కాను. నా చెవులు ఖాళీ అయ్యాయి. ‘నాన్న ఫోన్’ తిరిగొచ్చింది. పంక్చర్ బాబాయి పాట పెట్టి శబ్దం చివరిదాకా లాగాను.

బాబాయి చెప్పుల చప్పుడు. కుక్క మొరుగు. తర్వాత చాలా సన్నగా, ఆయన ఫోన్ గుండా, ఆ పాట. అడుగడుగుకూ పెద్దదవుతోంది.

“అన్నా! అన్నా!” తలుపు బాదుతున్నాడు. “స్టీరింగు మీద తల వాల్చేశాడమ్మాయ్. ఒళ్ళంతా చెమట. పలకట్లేదు.”

“ఊపిరి?”

పాట మాత్రం వినిపిస్తోంది. అంత సంతోషమైన పాట అది.

“ఆడుతోంది. ఆడుతోంది తల్లీ.”

పక్కనే ఎవరో అంటున్నారు: “పాటలు పెట్టుకుని కునుకు తీస్తున్నాడనుకున్నాం సార్.” ఎదురుగానే టీ బండి ఉందట. జనం వస్తూ పోతూనే ఉన్నారట.

ఈసారి అంబులెన్సుకు చెప్పడానికి చోటు దొరికింది. ఆసుపత్రిలో షుగర్ బాగా పడిపోయిందన్నారు. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదన్నాడు డాక్టరు. గ్లూకోజు ఎక్కాక నాన్న కళ్ళు తెరిచాడు.

“వ్యాను నిండా తిండి పెట్టుకుని ఆకలికి పడిపోయిన మొనగాడివి నువ్వేనన్నా,” అన్నాడు పంక్చర్ బాబాయి. అందరం నవ్వాం. అమ్మ నవ్వుతూనే ఏడ్చింది.

మర్నాడు ఆసుపత్రి మంచం మీద ఫోన్ పెట్టుకుని పాటలు వింటున్నాడు. నేను బత్తాయి ఒలుస్తున్నాను. ఆయన పాటలు అయిపోయాయి. యాప్ ఒక కొత్త పాట అందుకుంది. నిన్న నా తెర మీద పేరు చూసిన వాటిలో ఒకటి. మారుస్తాడని చూశాను. మార్చలేదు. వేళ్ళతో మంచం పట్టీ మీద దరువు వేస్తున్నాడు.

“మార్చు నాన్నా.”

“ఎందుకే? బావుంది. ఎక్కడో విన్నట్టే ఉంది.”

“ఎవరిచ్చారు నీకు ఈ పాట?”

ఆలోచించాడు. “ఏమో, గుర్తు లేదు. ఉండనీ.”

ఆ పాట మోగినప్పుడు నువ్వు స్టీరింగు మీద పడి ఉన్నావని అనలేదు. అప్పటి నుంచి ఆయన పాటల్లో అది చేరింది. దాని వెనకే మిగతావీ ఒక్కొక్కటే చేరాయి. ఏ పాట ఆయన పెట్టిందో, ఏది దానంతట అది వచ్చిందో ఇక నాకు తెలిసే దారి లేదు.

డాక్టరు ఒప్పుకున్నాక మళ్ళీ వ్యాను ఎక్కాడు. ల్యాబులో నా పాట తెగిపోయింది. తెర మీద ‘నాన్న ఫోన్’, కింద నేనెరగని పేరు. చివరిదాకా నడిచింది. ఫోన్ చేశాను.

“బండి నడుపుతున్నానే! ఏమైంది?”

“తిన్నావా?”

“తిన్నాను తల్లీ. బిళ్ళా, క్యారేజీ, మీ అమ్మ పెట్టిన బిస్కెట్లూ అన్నీ. పెట్టెయ్ ఇక.”

పెట్టేశాను. అక్కడ ఇంకో పాట మొదలైంది. అదీ నాకు తెలియదు. ఇప్పుడే కదా మాట్లాడాను అనుకున్నాను. ఈసారి చేస్తే నిజంగానే కోప్పడతాడు.

చేశాను.