417వ గొట్టం చెప్పిన కబుర్లు

ఆ పరిశోధనశాలలో డీప్ ఫ్రీజర్లు చూసుకునే పెద్దాయన్ని అందరూ చలి బాబాయ్ అనేవారు. సున్నాకు ఎనభై డిగ్రీలు కిందుండే ఆ పెట్టె ముందు ఓసారి తుమ్మితే, తుమ్ము గడ్డకట్టి టంగుమని నేలమీద పడిందనీ, ఏరి చెత్తబుట్టలో వేశాననీ కొత్తవాళ్లకు చెప్పేవాడు. సగంమంది నమ్మేవారు.

అంతటివాడు మూడురోజులుగా ఒక్క అబద్ధం అతికించలేక అవస్థ పడుతున్నాడు.

"417 జత దొరికిందా బాబాయ్?" అంది పరిశోధన చేసే అమ్మాయి.

"మంచులో కూరుకుపోయిందమ్మా, తవ్వుతున్నా."

"మూడ్రోజుల్నుంచా? ఈపాటికి నీళ్లు పడాలే!"

జత అంటే రెండు చిన్న గొట్టాలు. ఒకే మనిషి థైరాయిడ్ గ్రంథిలోంచి ఆపరేషన్ రోజున తీసిన ముక్కలు: క్యాన్సర్ పట్టినదొకటి, పక్కనే బాగున్నదొకటి. వాటిమీద పేరుండదు, అంకే ఉంటుంది. కానీ ఐదేళ్ల కిందట వాటిని లోపల పెట్టింది బాబాయే. అవి ఆయన భార్యవి. ఆమె పోయి రెండేళ్లు.

పరీక్ష కోసం నూరేస్తే ఆ ముక్కలు ఇక మిగలవు. ఆలోగా ఒక్కసారి అరచేతిలో పెట్టుకోవాలని ఆయన ఆశ.

"రెంటిలోనూ జన్యువులు దాదాపు అవే బాబాయ్. ఏవి పలుకుతున్నాయన్నదే తేడా. జబ్బు ముక్కలో కొన్ని నోరు మూసుకుంటాయి, కొన్ని గొంతు చించుకుంటాయి. వేడి తగిలిందో, ఆ మాటలన్నీ చెరిగిపోతాయి. జాగ్రత్తగా తే. రేపే ఆ మాటలు చదివే మిషన్ మీద మన వంతు."

ఆమె వెళ్లాక ఆయన ఫ్రీజర్ తలుపు తీశాడు. తెల్లటి పొగ మొహాన కొట్టింది. గ్లౌజు ఊడబీకాడు. వేలికీ గొట్టానికీ మధ్య అంగుళం.

భార్య మాట్లాడటం మొదలెడితే గోడగడియారం కూడా ఆగి వినేది. విననిది ఈయనొక్కడే. సగంలో లేచి చెప్పులేసుకునేవాడు. ముక్కలు పరిశోధనకిస్తానని సంతకం పెడుతూ ఆవిడ అననే అంది: "నువ్వెలాగూ వినవు. ఇంకెవరినైనా విననీ."

చలికి వేళ్లు మంటెత్తాయి. పట్టుకుంటే ఈ కాస్త వెచ్చదనానికే ఆమె మాటలు పోతాయి. చివరికి ఆయన గ్లౌజు తొడుక్కుని, రెండు గొట్టాలూ తీసి మంచు డబ్బాలో పెట్టాడు.

వారం తర్వాత అమ్మాయి కంప్యూటర్ తెరమీద ఎర్రగళ్లూ నీలిగళ్లూ చూపించింది. "ఎర్రవి గట్టిగా పలికేవి, నీలివి మూగబోయినవి. ఇదిగో, అయొడిన్‌ని లోపలికి పిలిచే జన్యువు. జబ్బు ముక్కలో ఉలుకూ పలుకూ లేదు. మంచి ముక్కలో చూడు, ఎలా వాగుతోందో!"

"అది మా ఆవిడదమ్మా."

అమ్మాయి మౌస్ వదిలేసి ఆయనవైపు తిరిగింది.

"ఇదీ ఒక వాగుడేనా? దీనికి పదింతలు మాట్లాడేది," అని నవ్వబోయాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఆ మంచి ముక్కది మొదటి గడి నుంచి చదువు."

"వేలున్నాయి బాబాయ్."

"ఉండనీ. ఈసారి మధ్యలో లేవను."