ఉతుకుడు బండ మీది లిస్టు

దేవదానం సమాధి రాయి రేపు పొద్దున పదింటికల్లా తర్లుపాడు పక్కన వాళ్ల ఊరికి చేరాల. పాస్టరు గారొస్తాడు, ప్రార్థన కూడిక పెట్టినారు. ఇయ్యాల మధ్యాహ్నం దాటినా రాయి మీద ఒక్క అక్షరం పడలేదు.

పేర్లు చెక్కే మిషన్‌ను నడిపే కంప్యూటర్లో డిస్కు పోయింది. కొత్తది తెచ్చి లినక్సు ఎక్కించినా. ఉత్త లినక్సుతో మిషను కదలదు, దానికి కావాల్సిన చిన్న చిన్న ప్రోగ్రాములు, ప్యాకేజీలంటారు, విడిగా ఎక్కించాల. వాటిని మా అక్క కొడుకు ఇర్ఫాన్ పెన్‌డ్రైవులో పెట్టిపోయినాడు. కనిగిరిలో ఉన్న వానికి ఫోన్ చేస్తే, నెట్టు జోలికి పోవద్దు, ఈ పాత మిషనుకు పట్టేవి అక్కడ ఎప్పుడో తీసేసినారన్నాడు. పెన్‌డ్రైవులో చూస్తే ఒక్కోదానికి నాలుగైదు వెర్షన్లు. ఏవి పట్టినాయో వానికీ గుర్తులేదు.

"లిస్టు తీసిచ్చినా గదా మామా. యాడ పెట్టినావు?"

వెతుకుతా అని ఫోన్ పెట్టేసినా. ఏడో తరగతిలో బడి మానినోణ్ని, కాగితాన్ని నమ్మను. చెదలు తింటాయి. ఆ లిస్టులోని పంతొమ్మిది ప్యాకేజీల పేర్లూ వెర్షన్ నంబర్లతో సహా మిషన్‌తోనే ఒక బండ మీద చెక్కించినా. మూల పగిలిన బండ. మా మార్కాపురంలో పగిలిన బండను పారేయరు, ఎవరో ఒకరు అడిగి తీసకపోయి ఇంటి ముందర పరుచుకుంటారు. దాన్ని అడిగింది దేవదానమే. ఇరవై రెండేండ్లు నా షెడ్డులో ఉలితో పేర్లు చెక్కినోడు. మిషనొచ్చినాక నీకు పని లేదన్నా. పోతాపోతా, నా పెండ్లాం అన్నమ్మ బట్టలుతుక్కుంటది, ఆ బండ ఇయ్యమన్నాడు. లిస్టుతో ఇంకేం పనిలే అని ఇచ్చినా.

ఇప్పుడు చేత్తో చెక్కిద్దామన్నా ఆ చెయ్యి లేదు.

మోటారు సైకిలెక్కి దేవదానం ఇంటికి పోయినా. అన్నమ్మ ఎందుకని కూడా అడక్కుండా సబ్బు నురగ కడిగింది. కూతురు ఇందు వేలు పెట్టి చదువుతుంటే నేను రాసుకున్నా. పదహారే ఉన్నాయి. మిగతా మూడు, బండను నీళ్ల తొట్టికి అతికించిన సిమెంటు కింద. ఆ సిమెంటు పూసింది దేవదానమే. పైన యాడా తెలుగు ఫాంటు పేరు కనపళ్లేదు. అది లేకుంటే అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు పడతాయి.

"ఇంగ్లీషులో అయితే చెక్కొచ్చు," అన్నా.

"ఆయనకు ఇంగ్లీషు రాదన్నా. ఆయన పేరు ఆయనే చదువుకోలేని రాయి నాకొద్దు."

అన్నమ్మ గడ్డపార తెచ్చి నా చేతికిచ్చింది. సిమెంటు మీద ఆనించి, మళ్లీ తీసినా. కొంచెం పక్కకు పడినా అక్షరాలు పోతాయి. నా వాలకం చూసి ఆమే తీసుకుంది.

"ఇన్నేండ్లు ఆయన పక్కన కూర్చున్నావు, రాయిని ఎట్ల లేపాలో చూళ్లేదా బాషన్నా?"

సిమెంటు లేచింది. బండ రెండు ముక్కలైంది. మూడు పేర్లూ ఉన్నాయి గానీ, ఆఖరుదాని నంబరులో చివరి అంకె ఎగిరిపోయింది. ఆ ఆఖరుదే తెలుగు ఫాంటు.

షెడ్డుకొచ్చి పద్దెనిమిదీ ఎక్కించినా. ఫాంటుకు సరిపడేవి పెన్‌డ్రైవులో రెండున్నాయి. మొదటిది ఎక్కిస్తే తెర మీద వరసగా డబ్బాలు. అది తీసేసి రెండోది ఎక్కించినా. కాసేపు తెర కదల్లేదు. తర్వాత 'దే' వచ్చింది.

రాయి బిగించి, పేరు కింద ఇంకేమన్నా పెట్టాల్నా అని అన్నమ్మకు ఫోన్ చేసినా.

"రాళ్ల మీద పేర్లు చెక్కినోడు అని పెట్టన్నా."

నేను మాన్పించిన పని అది. అట్లనే పెట్టినా. మిషను ఆ మాటను రెండు నిమిషాల్లో చెక్కేసింది. దేవదానానికైతే పూట పట్టేది.