కొబ్బరి చిప్పల తామర

పి.గన్నవరంలో సున్నం మేస్త్రి ఆనందరావు నోటి నుంచి సూటి మాట విన్నవాళ్ళు లేరు. అప్పనపల్లికి దారెటని అడిగితే కాలవలోకి చూపించేవాడు. నమ్మి ఒకాయన మోకాళ్ళ దాకా దిగాడు కూడా.

ఆ ఉదయం బుల్లిరాజు గారి హాల్లో కుర్చీ వేసుకుని, ముప్ఫై ఏళ్ళ కిందట ఆ దాబా కప్పుకి తాను చేసిన తామరపువ్వును చూసుకుంటున్నాడు. సముద్రపు గుల్లలు కాల్చిన సున్నం, గానుగ తిప్పి, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ కలిపి, పైపూతలో కోడిగుడ్డు సొన వేసిన పని. ఇప్పటికీ అద్దంలా మెరుస్తోంది. దాని చుట్టూ పీఓపీ సీలింగు కట్టడానికి వచ్చింది అతని కొడుకు ఉదయ్.

"నీకు నెల పట్టిన ఇలాంటి పువ్వు నేను పీఓపీలో సాయంత్రానికి దింపేస్తాను నాన్నా" అన్నాడు ఉదయ్, నిచ్చెన జరుపుతూ.

"ఆయ్, దింపుతావు. ఎల్లుండికి అదే దిగిపోద్ది."

బుల్లిరాజు గారు నవ్వారు. "మా నాన్నగారి పువ్వు ముట్టుకోకురా ఉదయ్. షాండ్లియర్ దీపాలు మాత్రం దాని నడిమధ్యలోంచే వేలాడాలి. మీ నాన్న చేతి పని, ఏనుగుని కట్టినా ఊడదు."

ఆనందరావు కుర్చీలోంచి లేచాడు.

పెద్దాయన అప్పలస్వామి గారు, అంటే బుల్లిరాజు గారి నాన్న, కొబ్బరితోటలో రాలిన కాయ ముట్టుకున్నా ఊరుకునేవారు కాదు. అందుకని ఆనందరావు నాలుగు కాయలు కొట్టుకు తిని, ఎనిమిది చిప్పలూ ఆయన నెత్తి మీదే దాచాడు. దూలాలకి మేకులు దిగ్గొట్టి, పీచుతాడు చుట్టి, సున్నం పొర మీద పొర ఎక్కించాల్సిన చోట, చిప్పలు వేలాడగట్టి పైన పలచగా పూశాడు. రేకుకో చిప్ప. పెద్దాయన ఆ పువ్వు కింద కూర్చుని కాయలు లెక్కపెట్టుకున్నప్పుడల్లా ఆనందరావు ఇంటికెళ్ళి పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఆ సంగతి తెలిసిన భార్య ఆదిలక్ష్మి ఇప్పుడు లేదు.

చెప్పాలి. చెబితే ఊళ్ళో మిగిలిన, మంచి పనివాడన్న ఆ ఒక్క పేరూ పోతుంది. గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిస్తే పాత అలవాటే వచ్చింది.

"బాబుగారూ, అందులో కొబ్బరి చిప్పలున్నాయండీ! మీ నాన్నగారి కాయలేనండీ!"

హాలంతా నవ్వింది. "మరి పచ్చడేది నాన్నా?" అని నిచ్చెన మీద నుంచి ఉదయ్. ఆనందరావూ నవ్వాడు. ఈసారి నవ్వకుండా చెప్పాలనుకున్నాడు. నవ్వకుండా మొహం ఎలా పెట్టాలో వెతుక్కుంటుండగానే పువ్వు నడిమధ్యలో డ్రిల్లు మోగింది.

తామర ఒక్క ముక్కగా దిగింది. ఉదయ్ గుండెల మీద పడి, నిచ్చెనతో సహా అతన్ని వెనక్కి గడప మీద పడేసింది. నడుము గడపకి తగిలిన చప్పుడు అందరికీ వినబడింది. సున్నపు దుమ్ములోంచి చిప్పలు దొర్లుకుంటూ వచ్చాయి. ఒకటి బుల్లిరాజు గారి కాలి దగ్గర ఆగింది. ఆయన దాన్ని చూశారు, ఆనందరావుని చూశారు.

నాలుగో రోజు అమలాపురం ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి ఆనందరావు అన్నాడు.

"తప్పు నాదిరా. నిజంగానే చిప్పలు పెట్టేను."

"చెప్పేవు గదా నాన్నా."

"చెప్పేను."

"నవ్వుతా చెప్పేవు."

కోడలు సత్యదుర్గ మొహం తిప్పుకుంది. ఆనందరావు దుప్పటి కింద చెయ్యి పెట్టి కొడుకు కాలి బొటనవేలు గిల్లాడు. ఉదయ్ కదల్లేదు. గోరు దిగేలా మళ్ళీ గిల్లాడు.

"ఒరే, నన్నాట పట్టిస్తున్నావు గదా? నా కొడుకువి గదా. ఉత్తినే గదరా?"

ఉదయ్ కప్పుకేసి చూస్తూ పడుకున్నాడు. దుప్పటి కింద తండ్రి చెయ్యి ఎక్కడుందో అతనికి తెలియలేదు.