తపస్సుకాలంలో అల్లెలూయా

ఈస్టర్ ముందు వచ్చే తపస్సుకాలంలో అల్లెలూయా పాడకూడదు. విభూది బుధవారం నాడు ఆపేసిన ఆ మాట మళ్లీ ఈస్టర్ పండుగకే గుడిలో వినిపించాలి. మా తిరువూరు చర్చిలో పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిన సంగతే ఇది. తెలిసి కూడా మా జోజమ్మ పిన్ని ఆ ఆదివారం పూజలో, ఫాదర్ గారు బైబిల్లోని సువిశేషం చదవబోయే ముందు, గొంతెత్తి "అల్లెలూయా!" అని అందుకుంది.

ఆమె ఒక్కతే అందుకుంటే సరిపోయేది. గుడి మొత్తం వెనకాలే పాడింది! పిన్ని పాడితే వెనక పాడటం మాకు అంత అలవాటు. కీబోర్డు మీద నా వేళ్లు కూడా వాటంతట అవే నడిచాయి. ఫాదర్ గారు పుస్తకం పట్టుకుని నోరు తెరిచి నిలబడిపోతే గానీ మాకు తెలిసిరాలేదు. ఒక్కొక్కరే నాలుక కరుచుకుని ఆగిపోయారు. అందరికన్నా ఆఖర్న ఆగింది మాత్రం సంఘపెద్ద యేసురాజు మాస్టారి గొంతే. ఆ సంగతి ఎవరడిగినా గట్టిగా చెబుతాను.

ఆ మాస్టారే పూజ అయ్యాక అందరినీ కూర్చోబెట్టారు.

"జోజమ్మకి వయసు మీద పడిందండి. ఏ కాలంలో ఏ పాటో గుర్తుండటం లేదు. గుడ్ ఫ్రైడే రోజు సిలువ మార్గం ప్రార్థనలో పాట ఈసారి కీర్తనకి ఇద్దాం" అన్నారు.

కీర్తనంటే నేనే. నాకు ఒళ్లు మండిపోయింది. సిలువ మోస్తూ వెళ్తున్న కొడుక్కి మరియ తల్లి ఎదురుపడే చోట పిన్ని ఒక ఏడుపు పాట పాడుతుంది. అది వినడానికే వినగడప నుంచీ రెడ్డిగూడెం నుంచీ జనం వస్తారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అది ఆమె పాటే. గుడిలో ఆమెకి ఇంకే పదవీ లేదు, అక్కర్లేదు కూడా. ఆ పాట లాగేసుకుంటే పిన్ని మనిషిగా మిగలదు.

"నేను పాడను" అన్నాను.

"నువ్వాగవే" అంది పిన్ని. కొంగు నడుముకి బిగించి అందరి ముందుకీ వచ్చింది. "తప్పే చేశాను, ఒప్పుకుంటున్నాను. కానీ మర్చిపోయి మాత్రం కాదు మాస్టారూ. మీ మనవల పుట్టినరోజులు మీకన్నా నాకే బాగా గుర్తు. నోరు ఆగలేదు, అంతే."

"ఎందుకాగలేదమ్మా?" అడిగారు ఫాదర్.

పిన్ని వెనక గోడ వైపు చూసింది. అడిగినదానికి ఆమె జవాబు చెప్పకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. కారణం చెబితే పాట దక్కుతుంది. చెప్పకూడదని ఎవరికో మాటిచ్చిందని ఆ ముఖం చూస్తేనే తెలిసిపోతోంది.

"చూశారా!" అన్నారు మాస్టారు.

అప్పుడు లేచాడు జోజప్ప బాబాయి. పిన్ని మొగుడు. ఎ.కొండూరు రూటులో ఆటో నడుపుతాడు. గుడికొస్తే వెనక గోడకి ఆనుకుని కూర్చునే మనిషి, నలుగురిలో నోరు విప్పడం ఎవరూ ఎరగరు.

"తప్పు దానిది కాదండి ఫాదర్. నా కిడ్నీలది" అన్నాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు. బాబాయి నవ్వలేదు.

"క్రిస్మస్ అయినకాణ్ణుంచి నాకు కాళ్లు వాస్తున్నాయండి. మా రూటులో డయాలసిస్‌కెళ్లే వాళ్లని నా ఆటోలో ఎంతమందిని ఎక్కించుకున్నానో నాకు తెలుసు కదా. భయమేసింది. విజయవాడలో పరీక్షలు చేయించుకుని, ఎవరికీ చెప్పొద్దని దీంతో ఒట్టేయించుకున్నాను. నిన్న సాయంత్రం డాక్టరు గారు రిపోర్టులు చూసి, కిడ్నీలు శుభ్రంగా ఉన్నాయి, బీపీ మాత్ర పడక వాపొచ్చింది, అది మారిస్తే చాలన్నారు. పక్కింటివాళ్లు వింటారని ఇన్నాళ్లూ దీన్ని ఇంట్లో ఏడవనివ్వలేదు. నిన్న నవ్వనివ్వలేదు కూడా. ఇంకెక్కడ అరుస్తుందండీ పాపం?"

యేసురాజు మాస్టారు కళ్లజోడు తీసి కండువాతో తుడుచుకుంటూ కూర్చున్నారు. నాకైతే ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"అల్లెలూయా ఈస్టర్ దాకా దాచుకో జోజమ్మా" అన్నారు ఫాదర్. "గుడ్ ఫ్రైడే పాట నీదే. కానీ ఇంత సంతోషంలో ఉన్నావు, ఆ తల్లి ఏడుపు పాడగలవా?"

పిన్ని బాబాయి వంక ఒకసారి చూసింది.

"ఈయన పక్కన కూర్చుని, గొంతు బయటికి రాకుండా రోజూ ఏడ్చాను ఫాదర్. ఆ ఏడుపంతా ఇంకా నా లోపలే ఉంది" అంది. "ఈసారి గొంతెత్తి ఏడుస్తాను."