తెచ్చినవాడే సూది ఎత్తాలి

ఆదివారం భోజనాలయ్యాక దర్జీ అక్క తన కొట్టు షట్టరు సగం దించి పెడుతుంది. మేము వంగి లోపలికి పోతాం. గుడ్డలు కత్తిరించే బల్ల మీద ఆ పూట కత్తెర ఉండదు, రికార్డు ప్లేయరు ఉంటుంది. ఆ వారం ఎవరి మనసు ఏ ఆల్బం మీద పడిందో అది తెచ్చి మిగతావాళ్లకు వినిపించాలి. ఒక వైపు పూర్తయ్యేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. తెచ్చినవాడే సూది పెట్టాలి, తెచ్చినవాడే ఎత్తాలి. ఎత్తాక "నా వంతు అయింది" అనాలి. మాటలూ, వెక్కిరింపులూ ఆ తర్వాతే.

ఈ పద్ధతి పెట్టింది మా బావ. అంతకుముందు పాట నడుస్తుంటేనే వాగేవాళ్లం. ఒకసారి ఆయన లేచి, ప్లేయరు ఆపి, "మీరు మాట్లాడుకోండి, నేను బయట వింటాను" అని రికార్డు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ దెబ్బతో మా నోళ్లకు తాళం పడింది.

మేము నలుగురం. దర్జీ అక్కకు గొంతు ఒక్కటే ఉన్న పాటలు ఇష్టం, పక్కన వాయిద్యం ఉంటే కుట్టులో ముడి పడ్డట్టు మొహం పెడుతుంది. బస్సు నడిపే అతన్ని హారన్ అంటాం. ఖాళీ రోడ్డు మీద కూడా కొట్టుకుంటూ పోతాడు, అతను తెచ్చే ఆల్బాలు కూడా అలాగే ఉంటాయి. నేను గనిలో పంపుల పని చేస్తాను. బావ, అంటే మా అక్క మొగుడు, అదే గనిలో ఇంజను డ్రైవరు. మమ్మల్ని ఇనప బోనులో కిందికి దించేదీ, పైకి లాగేదీ ఆయనే. అంటే నా ప్రాణం రోజూ ఆయన చేతిలోంచి పోయి, ఆయన చేతిలోకే తిరిగి వస్తుంది. ఆ సంగతి మేం ఎప్పుడూ అనుకోలేదు. ఊపిరి పీలుస్తున్నామని ఎవరనుకుంటారు.

బావకు మొదట్లో సన్నటివే నచ్చేవి. ఒంటి వయొలిన్, వేణువు. "తలుపు సందులోంచి గాలి దూరినట్టుండాలి" అనేవాడు. హారన్ డోళ్ల ఆల్బం తెస్తే, "నీకు కావలసింది పాట కాదురా, గోడ కూలాలి" అనేవాడు. అలాంటి మనిషి ఈమధ్య డోళ్లే తెస్తున్నాడు. బల్లకు ఆనుకుని కూర్చుని, అరచెయ్యి బల్ల మీద పరిచి, కళ్లు మూసుకుంటాడు.

"అన్నా, చివరికి నా దారికే వచ్చావు" అన్నాడు హారన్ ఒకసారి.

బావ హారన్ నోటివంకే చూసి, కాస్త ఆగి నవ్వాడు.

ఆ ఆదివారం దర్జీ అక్క ఒక ఆడమనిషి ఒంటరిగా పాడిన కొత్త ఆల్బం పెట్టింది. అయ్యాక బావ, "బాగుంది. గొంతులో తడి ఉంది" అన్నాడు. నేను అట్ట తిప్పి చూశాను. వెనక సరిగ్గా అదే మాట అచ్చయి ఉంది. కిందటి వారం నేను తెచ్చిన వేణువు గురించి ఆయన అన్నది కూడా దాని అట్ట మీద మాటేనని అప్పుడు గుర్తొచ్చింది.

తర్వాత బావ వంతు. డోళ్లు మొదలయ్యాయి. బల్ల అదిరింది, సూదుల డబ్బా గలగలమంది. బావ అరచెయ్యి బల్ల మీదే ఉంది. చాలాసేపు వాయించాక డోళ్లన్నీ ఒక్కసారిగా ఆగి, ఒక వయొలిన్ సన్నగా లేచింది. నాలుగు స్వరాలు వెళ్లి, వెనక్కి వచ్చి, మళ్లీ అవే నాలుగు. మళ్లీ అవే. సూది ఒకేచోట చిక్కుకుపోయింది.

నేను బావను చూశాను. కళ్లు మూసుకుని, తల మెల్లగా ఊపుతున్నాడు. మొహంలో తృప్తి. డోళ్లు మళ్లీ ఎప్పుడొస్తాయా అని చేతితో కాచుకుని ఉన్నాడు.

ఆ నాలుగు స్వరాలు గదిలో తిరుగుతూనే ఉన్నాయి. హారన్ నన్ను చూశాడు, నేను దర్జీ అక్కను చూశాను. ఎవరూ మాట్లాడలేదు, ఎవరూ సూది ముట్టుకోలేదు. తెచ్చినవాడే ఎత్తాలి. ఆయన పెట్టిన పద్ధతే మమ్మల్ని కట్టేసింది. కుట్టు మిషను పక్కన వేలాడుతున్న చొక్కా చేతులు ఫ్యాను గాలికి ఊగుతున్నాయి. నాకు ఆ చొక్కా వైపు చూడడమే నయమనిపించింది.

చివరికి దర్జీ అక్క తన చెయ్యి తీసుకెళ్లి ఆయన చేతి మీద పెట్టింది. బావ కళ్లు తెరిచాడు. ముందు మా మొహాలు చూశాడు, తర్వాత సూది గెంతడం చూశాడు. మెల్లగా ఎత్తాడు.

"అక్కడ గీత పడ్డట్టుంది" అన్నాడు. "నా వంతు అయింది."

ఎవరూ వెక్కిరించలేదు. హారన్ కూడా.

ఇంటికి ఇద్దరం ఒకే దారిలో పోతాం. నేను నాలుగడుగులు వెనకబడి "బావా" అని పిలిచాను. ఇంకోసారి గట్టిగా పిలిచాను. రోడ్డవతల ఎవరో తిరిగి చూశారు. బావ తిరగలేదు.

ముందుకు పోయి ఎదురుగా నిలబడ్డాను.

"ఎప్పట్నుంచి?"

ఆయన నా నోటిని చూశాడు. తర్వాత, "పోయిన చలికాలం నుంచి కొంచెం కొంచెం. ఇప్పుడు బొత్తిగా లేదు" అన్నాడు.

"అక్కకి తెలుసా?"

"మీ అక్క చెప్పేదంతా నేను ఎప్పుడు విన్నాను గనక. తేడా తెలీలేదు దానికి."

నాకు నవ్వు రాలేదు. "కింద నుంచి మేం గంట కొడితే ఎట్లా మరి?"

"తీగ ఉందిగా. మీరు లాగితే ఇంజను గదిలో తీగ కొట్టుకుంటుంది. నా మణికట్టు ఎప్పుడూ దాని మీదే. చెవికంటే అదే ముందు చెప్తుంది. ఇన్నాళ్లలో ఒక్కసారన్నా తప్పిందా?"

తప్పలేదు. అదే నన్ను ఇంకా భయపెట్టింది.

"తీగ తీసేసి కరెంటు గంట పెడతారట కదా."

"వచ్చే వారం కదా. అంతకు ముందే మేస్త్రితో చెప్తాను. రేపే చెప్తాను. నువ్వు చెప్పకు." నా భుజం పట్టుకున్నాడు. "తెచ్చింది నేను. నేనే ఎత్తుతాను. ఇంజను మీంచి దించేస్తే నాకింకేం మిగల్దురా. పాట ఎట్లాగూ పోయింది."

సరేనన్నాను.

మర్నాడు పొద్దున మేస్త్రి నన్ను చూడగానే, "పంపులు చూడు ముందు. నిన్నంతా కరెంటు తీసేశారు, నీళ్లు ఊరి ఉంటాయి" అన్నాడు. ఎందుకు తీశారని నేను అడగలేదు. ఇంజను గది అద్దం వెనక బావ ఎప్పటిలా కూర్చుని ఉన్నాడు. చెప్పావా అన్నట్టు తల ఎగరేశాను. సాయంత్రం అన్నట్టు చెయ్యి తిప్పాడు.

బోనులోకి నేనూ, కలప పనివాడూ ఎక్కాం. పొట్టిగా ఉంటాడని అతన్ని బుడంకాయ అంటారు. తలుపు పడింది. గంట కొడదామని తీగ కోసం చెయ్యి చాచాను. తీగ లేదు. అది ఉండేచోట బోను ఊచలకు కొత్త పెట్టె, దాని మీద ఎర్ర బొత్తాం. కింది నుంచి పైదాకా అన్ని అంతస్తుల్లోనూ, బోనులోనూ బిగించేశారు. వచ్చే వారం అన్న పని నిన్నే కానిచ్చేశారు, కరెంటు తీసింది అందుకే.

"నొక్కవేం?" అన్నాడు బుడంకాయ. "పెళ్లికూతురి బుగ్గ కాదులే, సిగ్గుపడకు." అని తనే నొక్కాడు. రెండు గంటలు, అంటే దించు.

ఇంజను గది అద్దంలోంచి చూశాను. బావ అరచెయ్యి తన పక్కన బిగించిన కొత్త పెట్టె మీద ఉంది. అదురు తెలిసినట్టుంది, తల ఊపి లివరు లాగాడు. బోను కదిలింది. తెలుస్తోందిలే అనుకున్నాను. పైన వెలుగు చిన్నదైపోయాక అసలు సంగతి తట్టింది. ఇంజను ఆగి ఉన్నప్పుడు ఆ పెట్టె అదురు చేతికి తెలుస్తుంది. ఇంజను తిరుగుతున్నప్పుడు గదంతా అదురుతుంది. కుర్చీ, గోడలు, లివరు అన్నీ. అందులో ఈ చిన్న అదురు ఎట్లా తెలుస్తుంది?

మామూలుగా అయితే ఆపమని గంట కొట్టే పని లేదు. తాడు చుట్టుకునే పెద్ద చక్రం మీద ప్రతి అంతస్తుకూ సుద్దతో గుర్తు ఉంటుంది. ఆ గుర్తు చూసి బావ ఆపుతాడు, అడుగు కూడా అటూ ఇటూ కాదు.

కింద ఏదో మెరిసింది. దీపం వంచి చూశాను. రాయి కాదు. నీళ్లు. అడుగు అంతస్తు కనపడడం లేదు. మేము ఆగవలసిన చోటు ఆ నీళ్ల కింద ఎక్కడో ఉంది.

ఒక గంట కొట్టాను. ఆపు. బోను దిగుతూనే ఉంది. మళ్లీ కొట్టాను. నొక్కిన వేలు తియ్యకుండా పట్టాను.

"గంట పని చెయ్యట్లేదు" అన్నాడు బుడంకాయ.

"చేస్తోంది" అన్నాను.

నీళ్లు చల్లగా బూట్లలోకి వచ్చాయి. మోకాళ్లు దాటాయి. బుడంకాయ నా భుజాలు పట్టుకుని ఊచల మీదికి ఎగబాకాడు. నడుము దాటాయి. పైన ఆ మనిషి కళ్లు సుద్ద గుర్తు మీద పెట్టుకుని, నమ్మకంగా, నిదానంగా మమ్మల్ని దించుతున్నాడు. నాలుగు స్వరాలు తిరుగుతుంటే తల ఊపిన మొహం గుర్తొచ్చింది. నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. అప్పుడు బోను ఆగింది, ఎప్పటిలాగే కుదుపు లేకుండా. గుర్తు దగ్గర ఆపాడు.

పైన ఇంజను నిలిచిపోయిందని తాడు అదురు ఆగి చెప్పింది. మూడు గంటలు కొట్టాను. పైకి. వెంటనే లేపాడు. నిలిచి ఉన్న ఇంజను మీద చెయ్యి అన్నీ వింటుంది.

పైన మమ్మల్ని చూసి మేస్త్రి, "కొత్త గంట కదా, ఎక్కడో తీగ వదులైంది" అన్నాడు. దాన్ని బిగించిన కరెంటు పనివాడికి రోషం వచ్చింది. "నా పని నేను చూపిస్తాను" అంటూ ఇంజను గది వెలుపల ఉన్న బొత్తాం నొక్కి పట్టుకున్నాడు.

గంట మోగింది. ఆవరణంతా మోగింది. కప్పు మీది పావురాలు లేచిపోయాయి. దీపాల గదిలోంచి జనం బయటికి వచ్చారు. గంట కిందే, మావైపు వీపు పెట్టి, బావ గుడ్డ పీలికతో లివరూ, చేతులూ తుడుచుకుంటున్నాడు. శ్రద్ధగా, వేళ్ల సందులు కూడా.

దర్జీ అక్క కొట్టులో లాగే అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఈసారి నేను లోపలికి పోయాను. ఆయన ముందుకెళ్లి నిలబడ్డాను. నా బట్టల్లోంచి నీళ్లు ఆయన బూట్ల మీదికి కారాయి.

బావ నన్ను చూశాడు. ఛాతీ దాకా తడి ఎక్కడ ఆగిందో ఆ గీత చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, వాకిట్లో ఉన్న మొహాలన్నీ చూశాడు. నిన్న కళ్లు తెరిచినప్పుడు చూసినట్టే చూశాడు.

"చెప్పావా?" అన్నాడు.

లేదని తలూపాను.

బ్రేకు పూర్తిగా బిగించాడు. లివరు మీది చెయ్యి మెల్లగా ఎత్తాడు.

"నా వంతు అయింది" అన్నాడు మేస్త్రితో.

కరెంటు పనివాడు బొత్తాం మీంచి వేలు తియ్యడం మరిచిపోయాడు. గంట మోగుతూనే ఉంది. అందరం చెవులు మూసుకున్నాం, ఆయన తప్ప.